గంగకిచ్చిన వల

"ఇయ్యాల గూడ సంచి నింపిండు సూడు!"

మొగిలి పళ్లు కొరికాడు. మంథని రేవుకు దిగువన, మడుగులోంచి ఆ ముసలాయన బరువైన సంచిని ఒడ్డుకు ఈడుస్తున్నాడు.

మొగిలి వలలో మాత్రం నాలుగు జెల్ల చేపలు.

ముసలాయనది ఏ ఊరో ఎవరికీ తెలియదు. ఎండాకాలం మొదట్లో వచ్చాడు. పొద్దున్నే మడుగులో దిగుతాడు, సంచి నింపుకుని పోతాడు.

"మడుగు మనది, చేపలు మనయి. నింపుకునేది వాడు!"

"నీకేం తక్కువైంది?" అంది భార్య వనజ. "నిరుడు చేపల కడుపుల నీలం పోగులు ఎల్తున్నయని ఒక్కలు గూడ కొనలే. ఈయేడు బేరం మంచిగనే ఉన్నది గద."

"అది నా చెయ్యి మంచిది గాబట్టి!"

అన్నాడే గానీ, ఆ సంచి గుర్తొస్తే అతనికి అన్నం సయించడం లేదు.

ఆ సాయంత్రం కొత్త వల కొన్నాడు. చినిగిన పాత నైలాన్ వలకు పసుపు కుంకుమ పెట్టి మడుగులో వదిలాడు. అన్నం పెట్టిన వలను చెత్తలో పారేయకూడదు, గంగకే ఇవ్వాలి. తాతల నాటి పద్ధతి అది.

తెల్లారి మత్స్యకారుల సంఘం అధ్యక్షుడు రాంచందర్‌ను మడుగు దగ్గరికి వెంటబెట్టుకొచ్చాడు. వెనకే వనజ వచ్చింది. ముసలాయన అప్పటికే సంచి నింపి ఒడ్డుకు చేర్చాడు.

"సంఘం కార్డున్నదా పెద్దాయనా?" అడిగాడు రాంచందర్.

"లేదు బిడ్డా."

"మరి మా మడుగుల ఎట్ల దిగినవ్?" మొగిలి అరిచాడు.

"మాది చెన్నూరు దిక్కు. ఆడ మా మడుగుల చేప ఖతమైంది. గందుకే..."

"గందుకే మా మీద పడ్డవా? నడువ్!"

ముసలాయన మొగిలికి దండం పెట్టి, సంచి అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

మొగిలి ప్రాణం చల్లబడింది. ఎంతెంత బొచ్చె చేపలున్నాయో అనుకుంటూ సంచి మూతి విప్పాడు.

ఒక్క చేపా లేదు. అన్నీ చినిగిన నైలాన్ వలలే.

అన్నిటికంటే పైన ఉన్నది నిన్న తను వదిలినదే. పసుపు మరక ఇంకా పోలేదు. అడుగున ఉన్నవి ఏళ్ల తరబడి నాని పెళుసెక్కాయి. రాంచందర్ ఒకదాన్ని నలిపితే నీలం పోగులు రాలాయి.

"నిరుడు చేపల కడుపుల ఎల్లినయి గివే," అంది వనజ మెల్లగా. "వాళ్ల మడుగుల చేప ఖతమైంది గూడ గిందుకే."

మొగిలి తన పాత వలను చేతిలోకి తీసుకున్నాడు. తాత వదిలిన నూలు వలలు నీళ్లలో కుళ్లిపోయేవి. తను వదిలినవి చేపలు మింగాయి.

ఈయేడు తన బేరం నిలబెట్టిన మంచి చెయ్యి, ఇందాక తనకు దండం పెట్టి వెళ్లిన ఆ ముసలాయనది.