ఓడాక పెట్టిన సంతకం

1952 నవంబరు. కాన్సస్‌లో గవర్నరు ఎన్నిక. ఓటు వేయడానికొచ్చిన గవర్నరు క్రాండల్‌కు బడి గేటు దగ్గర విల్మా అడ్డం నిలిచింది.

“నీకు ఓటెయ్యొద్దని ఊరూరా తిరిగి చెప్పాను.”

“తెలుసమ్మా. నా మీద ఎందుకంత కక్ష?”

“నువ్వు మట్టి కరవాలి. అప్పుడే నాకు నిద్ర పట్టేది.”

క్రాండల్ ఓడిపోయాడు.

ఆమె ఎవరో కనుక్కుని, మర్నాడు పొద్దున్నే ఒక కాగితంతో ఆమె ఇంటికొచ్చాడు. విల్మా తలుపు సగమే తీసింది.

“మీ చిన్నవాడి ఉరిశిక్ష రద్దు చేశానమ్మా. జనవరి దాకా గవర్నర్ని నేనే.”

విల్మా తలుపు పూర్తిగా తీసింది.

“ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదు?”

“చేస్తే ఓట్లు పోయేవి. ఇప్పుడు పోయేవేం లేవు.”

“అంటే, అదే కేసులో ఆగస్టులో నా పెద్దోణ్ణి ఉరి తీసింది ఓట్ల కోసమా?”

క్రాండల్ కాగితం ముందుకు చాపాడు. విల్మా అతని చేతిలోని కాగితం లాక్కుని తలుపు వేసేసింది.