పీహెచ్ ఏడు

బైరాగి మూతి మీద రెండో గుద్దు పడింది. ఊడిన పన్ను కలకత్తా ఓడరేవు పక్కన వాట్‌గంజ్ రోడ్డు మీద పడింది. ఆ పన్ను తగిలి సోములు పిడికిలి కూడా చీరుకుపోయింది.

"సంచీలో ఏటది, సెప్పు."

"ఆసిడ్ కాదు సోములన్నా," అంది సింహాచలమ్మ. "కాలేజీ ల్యాబ్‌లో కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోయింది. జనరేటరున్న చోటికి తీసుకెళ్తున్నాను. బస్సుల్లేవని బైరాగి చిన్నాన్న తోడొచ్చాడు, అంతే."

ఆరోజు బంద్. ముందురోజు ఎవరో ఆసిడ్ నింపిన బల్బు విసిరితే సోములు తమ్ముడి మొహం కాలిపోయింది. అప్పటినుంచి ఆ దారిలో సీసాతో కనిపించినవాణ్ణల్లా సోములు చావబాదుతున్నాడు. డాక్‌లో బైరాగితో కలిసి ఇరవై ఏళ్ళు బస్తాలు మోసిన సంగతి అతనికి గుర్తే లేదు.

సోములు ఆమె సంచీలోని ఫ్లాస్కు తెరిచి, ఐసు మధ్యనుంచి చిన్న సీసా బయటికి లాగాడు.

"ఆసిడ్ కాకపోతే నీ సిన్నాన్న మూతి మీద పోత్తాను."

"వద్దు, వద్దు. అది నా ఆరు నెలల పని."

"అయితే ఆసిడ్డే."

సోములు రెండో చేత్తో అందుకున్న ఇనుపకడ్డీ బైరాగి మోకాలి మీద దిగింది. ఎముక విరిగింది.

"ఒగ్గీ సోములూ, సచ్చిపోతాను," అన్నాడు బైరాగి. కడ్డీ ఈసారి తల మీదికి లేచింది.

కడ్డీ పట్టుకున్నవాడికి పాఠం చెప్పాల్సిన ఖర్మ ఏ రీసెర్చి విద్యార్థికీ రాకూడదు. సింహాచలమ్మ మొదలుపెట్టింది.

"అది ప్రొటీనన్నా, గుడ్డులో తెల్లసొన లాంటిది. పీహెచ్ తొమ్మిది దగ్గర దీనికి ఏ విద్యుత్ చార్జ్ ఉండదు, దేనికీ అంటుకోదు. ఏడుకి దించితే పాజిటివ్ అవుతుంది, ల్యాబ్‌లో వడకట్టే గొట్టంలో ఉన్న నెగెటివ్ పూసలకి అంటుకుంటుంది. మిగతా చెత్త కారిపోతుంది. ఇంకా కిందికి, ఆసిడ్ వైపు పోతే చెత్త కూడా అంటుకుంటుంది. అందుకే ఏడు ఎంచుకున్నాను. మంచినీళ్ళ పీహెచ్ కూడా ఏడే. చివర్లో ఉప్పునీళ్ళు పోసి దీన్ని విడదీస్తాం. ఆసిడ్ నాకే పనికిరాదు."

కడ్డీ దిగలేదు. "రుజువేటి?"

ఆమె బైరాగి వైపు చూసింది. నోటినిండా రక్తం. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"నీ చెయ్యి చీరుకుపోయింది కదా. దాని మీదే పోసుకుని చూడు. ఆసిడైతే కాలుతుంది."

సోములు మూత తీసి సీసా మొత్తం గాయం మీద ఒంపుకున్నాడు. ఉప్పుకి కాస్త చురుక్కుమంది, అంతే. చర్మం కాలలేదు, పొగా రాలేదు. అతను కడ్డీ పారేశాడు.

"ఏటనుకోకు పాపా. తమ్ముడి మొకం సూసినకాడ్నుంచి నాకు మతి నేదు," అన్నాడు. బైరాగిని తనే ఎత్తి రిక్షాలో కూర్చోబెట్టాడు.

ఆ సీసాలో ఉన్న ప్రొటీన్ నాగుపాము విషం.