రెండు వాచీల పట్టీ

వంతెన కొట్టుకుపోయిన వరదకు అది ఇరవై రెండో ఏడు.

ఏటి వైపు వీధిలో వాచీ మేస్త్రి పొద్దున్నే దుకాణం తీశాడు. ఇంకా బల్ల తుడవకముందే ఒక మనిషి లోపలికి వచ్చాడు. అరవైకి దగ్గర్లో ఉంటాడు. రెండు మెట్లకే రొప్పుతున్నాడు.

జేబులోంచి రెండు వాచీలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి కీ ఇచ్చే పాత వాచీ. రెండోది స్మార్ట్‌వాచీ.

"రెండూ ఒకే పట్టీకి కావాలండి."

మేస్త్రి కళ్ళద్దాల పైనుంచి చూశాడు. ఆ నల్ల అద్దం ముక్కలు వచ్చిన దగ్గర్నుంచి అతను దుకాణంలో ఈగలు తోలుకుంటున్నాడు.

"ఒకటి చాలదా? ఒక చేతికి ఇద్దరు పెళ్ళాలెందుకయ్యా?"

"కొత్తది డాక్టరు కట్టుకోమన్నాడండి. గుండె ఎలా కొట్టుకుంటోందో చూస్తుందట. వచ్చేవారం ఆపరేషను. ఈలోగా ఒకసారి ఈ ఊరు చూసిపోదామని వచ్చాను."

"మరి పాతది?"

"అది తీసెయ్యలేను."

"నడుస్తుందా?"

"నడుస్తుంది. కొంచెం వెనక." ఆ మనిషి పాత వాచీని అరచేత్తో మూశాడు. "బాగుచెయ్యొద్దండి. మూత కూడా తియ్యకండి. పట్టీ ఒక్కటే వేసివ్వండి."

మేస్త్రికి ఒళ్ళు మండింది.

"తప్పు టైము చూపించేదాన్ని మొయ్యడం దేనికి? నా చేతిలో పడ్డ వాచీ తప్పు నడిచిందని ఈ ఊళ్ళో ఒక్కడు అన్నాడా?"

"లేదండి. ఎవరూ అనలేదు."

అది ఉత్త గొప్ప కాదు. బాగుచేసిన ప్రతి వాచీకి మూత లోపల సూదితో చిన్న నిచ్చెన బొమ్మ, పక్కన తారీఖు గీకడం మేస్త్రి అలవాటు. రేపు ఇంకెవడైనా విప్పితే అది ఎవరి చెయ్యో తెలియాలంటాడు.

తోలు కోశాడు. పాతది మణికట్టు మీదికి, కొత్తది లోపలివైపు నాడి మీదికి వచ్చేలా కొలత పెట్టి కుట్టడం మొదలుపెట్టాడు.

ఆ మనిషి గోడ మీది ఫొటో చూస్తున్నాడు.

"మీ ఆవిడాండి?"

"ఊఁ. వరదలో పోయింది." సూది ఆగలేదు. "పైన ఆనకట్ట గేట్లు ఎత్తే ముందు కింద సైరన్ కొట్టాలి. కొట్టాల్సినవాడు పదకొండు నిమిషాలు ఆలస్యం. ఆ పదకొండు నిమిషాలూ ఉంటే మేడెక్కేది. కునుకు పట్టిందని విచారణలో వాడే ఒప్పుకున్నాడు. ఉద్యోగం పోయింది, ఊరొదిలి పారిపోయాడు. సైరనోడు. ఈ వీధిలో వాడికి వేరే పేరు లేదు."

ఆ మనిషి తల దించుకున్నాడు.

చివరి కుట్టు పడింది. మేస్త్రి పట్టీని బల్ల మీద చాపి చూసుకున్నాడు. రెండు వాచీలూ పక్కపక్కన పడ్డాయి.

కొత్తది ఎనిమిదిన్నర చూపిస్తోంది. పాతది ఎనిమిదీ పంతొమ్మిది.

మేస్త్రి వేళ్ళ మీద లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఎప్పుడు సరిచేశావు దీన్ని?"

"నిన్న పొద్దున ఈ వేళకి. రోజుకి ఇంతే. నిమిషం అటూ ఇటూ కాదు."

మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"సైరనోడివి నువ్వే."

ఆ మనిషి తలూపాడు.

"కునుకు కాదన్నమాట. పాడు వాచీ కట్టుకుని డ్యూటీ చేశావు. ఏ చేతకానివాడు బాగుచేశాడు దీన్ని? వాడి చెయ్యి విరిగిపోను."

"ఆయన్నేమీ అనకండి. ఆయనకి పోయింది చాలు."

ఆ మాట మేస్త్రి చెవికెక్కలేదు. చెంప మీద ఒకటి కొట్టాడు. పక్క కొట్టు టీ అతను పరిగెత్తుకొచ్చాడు, వెనక మరో నలుగురు. సైరనోడట అన్న మాట వీధి చివరికి వెళ్ళేసరికి రాళ్ళు కూడా లేచాయి. ఆ మనిషి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పట్టీ కోసం చెయ్యి చాచాడంతే. మేస్త్రి ఇవ్వలేదు.

గంట తర్వాత టీ అతను గ్లాసుతో వచ్చాడు.

"బస్సులోకి తోసేసి వచ్చాం బాబాయ్. గుండె పట్టుకుని ఏం నాటకాలాడాడనుకున్నావు."

మేస్త్రి నవ్వాడు. చాలా ఏళ్ళకి నవ్వాడు.

టీ అతను వెళ్ళిపోయాక పాత వాచీని సుత్తి కింద పెట్టబోయి ఆగాడు. కొట్టేముందు ఆ చేతకానివాడి పనితనం ఏపాటిదో చూద్దామనిపించింది. కంటికి భూతద్దం తగిలించుకుని మూత తీశాడు.

టీ మీద మీగడ కట్టింది. ఈగ పడింది. మేస్త్రి చూస్తూనే ఉన్నాడు.

తర్వాత మూత బిగించి, సుత్తి తీసి సొరుగులో పడేశాడు. ఆ రోజు ఇంకో పని ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున మామూలు వేళకే దుకాణం తీశాడు. అంత ఉక్కపోతలోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మణికట్టు దగ్గర గుండీ పెట్టుకున్నాడు.

"సైరనోడి వాచీలు ఏం చేశావు బాబాయ్?" టీ అతను అడిగాడు.

"ఏట్లో పారేశాను."

"మంచి పని చేశావు."

మేస్త్రి తల వంచుకుని బల్ల తుడవసాగాడు. చొక్కా చేతి కింద కొత్త వాచీ అతని గుండెను లెక్కపెడుతోంది. పాతది వెనకబడి నడుస్తోంది, దాని మూత లోపల చిన్న నిచ్చెన బొమ్మ, పక్కన వరదకు ఐదు రోజుల ముందరి తారీఖు.