గుమ్మంలో సరిహద్దు

ఐదోసారి కూడా ఆమెను దేశంలోకి రానివ్వలేదు.

దేశమంటే వంటింటి ముందున్న భోజనాల బల్ల. సరిహద్దు అంటే గుమ్మంలోని డోర్‌మ్యాట్. బల్లకు అవతల కళ్లజోడు ముక్కు చివరకి దించి కూర్చున్న అధికారి ఆమె భర్తే. ముప్ఫై ఒక్క ఏళ్లు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. వీధి వీధంతా ఇప్పటికీ ఆయన్ని టీసీగారనే పిలుస్తుంది. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టే ఆమె అందరికీ టైలరమ్మ.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి టైలరమ్మ రైలెక్కాలి. మధ్యాహ్నానికల్లా ఆ రైలు సరిహద్దు దాటుతుంది. అవతలి దేశంలో ఉన్న అక్కకి గురువారం మోకాలి ఆపరేషన్. పదిహేను రోజులు దగ్గరుండి చూసుకోవాలి. అక్క ఆసుపత్రి కాగితాలు పంపిస్తే వీసా ఇంటికే పోస్టులో వచ్చేసింది. కష్టమల్లా ఒక్కటే. పెళ్లయ్యాక ఆమె ఒంటరిగా పక్క ఊరికి కూడా రైల్లో వెళ్లి ఎరగదు.

అందుకే మధ్యాహ్నం భోజనం అవగానే టీసీగారు శిక్షణ మొదలుపెట్టారు. మొదటిసారి నవ్విందని వెనక్కి పంపారు. రెండోసారి నవ్వలేదని పంపారు. మూడోసారి అధికారిని పట్టుకుని "ఏవండీ" అంది. నాలుగోసారి టీ పెట్టమంటారా అని అడిగింది. ఐదోసారి ఇంటి చిరునామా చెప్పమంటే, మందుల షాపు దాటగానే రెండో సందు, ఎవర్నడిగినా చెప్తారంది.

ఇప్పుడు ఆరోసారి. టైలరమ్మ పాస్‌పోర్టు బల్ల మీద పెట్టి నిలబడింది.

"ప్రయాణం దేనికి?" అన్నారు టీసీగారు.

"మా అక్కకి మోకాలు ఆపరేషనండీ. అది పెద్ద విషయం కాదనుకోండి. మా బావగారున్నారు చూశారూ, ఆయనకి స్టవ్ వెలిగించడం కూడా చేతకాదు. మొన్న ఫోన్లో..."

"మీ బావగారితో నాకేం పనమ్మా?"

"ఆయన సంగతి తెలిస్తే మీరే నన్ను తొందరగా పంపించేస్తారు."

టీసీగారు మందుబిళ్లల డబ్బా మూత అందుకుని బల్ల మీద టక్కున గుద్దారు. వెనక్కి పంపే ముద్ర అదే. అయినా ఈసారి దయతలచి పెట్టె తెరవమన్నారు.

అక్క కోసం, కట్టు మీద కూడా పట్టేలా వదులుగా కుట్టిన పైజామాలు నాలుగున్నాయి. వాటిని తిరగేసి మరగేసి, రహస్య జేబులేమైనా ఉన్నాయేమోనని అంచులన్నీ తడిమి చూశారు. పౌడరు డబ్బా మూత తీసి వాసన చూసి రెండుసార్లు తుమ్మారు. అడుగున దారం ఉండలు, సూదులు, అంగుళాల టేపు, మూరెడు కత్తెర దొరికాయి.

ఇవెందుకని అడిగారు. అక్క ఇంట్లో కర్టెన్లు చిరిగి వేలాడుతున్నాయి, ఖాళీగా కూర్చునే బదులు కుట్టిపెడతానంది టైలరమ్మ.

"అంటే చుట్టపుచూపు పేరు చెప్పి పని చేయడానికి వెళ్తున్నారన్నమాట," అంటూ టీసీగారు కత్తెర తీసి తన ఒళ్లో పెట్టుకున్నారు. మళ్లీ మూత టక్కుమంది.

టైలరమ్మకి ఒళ్లు మండింది. పెట్టె ధడాలున మూసి దాని మీదే కూర్చుంది.

"నేను వెళ్లను. అక్కకి మీరే ఫోన్ చేసి చెప్పండి, మా ఇంట్లోంచే దాటనివ్వలేదని."

టీసీగారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు. తుడిచిన అద్దమే మళ్లీ తుడుస్తున్నారు. తాను వెళ్లడం ఆయనకి ఇష్టం లేదని, ఆ మాట నోరు విప్పి చెప్పలేక ఈ నాటకం ఆడుతున్నారని దులిపేసింది ఆమె. అదేం కాదు, నిజంగానే ఇలా అడుగుతారని గొణిగారాయన.

"మీకెలా తెలుసు? ముప్ఫై ఒక్క ఏళ్లూ సరిహద్దుకి ఇవతలి స్టేషన్లోనే దిగిపోయి, బెంచీ మీద కూర్చుని టీ తాగి, తిరుగు రైల్లో వచ్చేసేవారుగా. అవతల గడ్డి ఏ రంగులో ఉంటుందో మీరు మాత్రం చూశారా?"

ఆ మాటకి ఆయన మొహం వాడిపోయింది. కాసేపు కత్తెరని అటూ ఇటూ తిప్పి, చివరికి తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. పోయిన నెల కళ్ల పరీక్షకని ఆయన వెళ్లింది కళ్ల పరీక్షకి కాదట. ఆమె ఒక్కతీ అంత దూరం ఎలా వెళ్తుందని దిగులేసి, తానూ వెంట వెళ్లాలని వీసాకి పెట్టుకున్నారట. ఆ ఆఫీసులో ఇంటర్వ్యూకి పిలిచి ఈ ప్రశ్నలన్నీ అడిగారట.

టైలరమ్మ కోపం సగం అక్కడికక్కడే జారిపోయింది. లేచి ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇచ్చారా?"

"లేదు."

"పోనీలెండి. ఏ ప్రశ్నకి తడబడ్డారు?"

"తడబడటమా? అన్నిటికీ టకటకా చెప్పాను. ఇంటర్వ్యూ చేసిన అమ్మాయి మెచ్చుకుంది కూడా. చివర్లో మీరేమైనా అడగాలనుకుంటున్నారా అంది."

"ఏమడిగారేంటి?"

టీసీగారు తల దించుకున్నారు. "ఐడీ కార్డు చూపించమన్నాను. ఇంట్లో మర్చిపోయి వచ్చానంది. అలవాటు కదే... నా దరఖాస్తు వెనకాలే ఆవిడకి ఫైన్ రాసిచ్చేశాను."