పరాయి జాకీ

“పట్టిందిగా! ఇంక దూరు,” అన్నాడు మావాడు, గ్యారేజీలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ.

కోడలు దూరలేదు. ఇంట్లో పెట్టించుకున్న కార్ల లిఫ్టు మీద కారు తలెత్తున ఉంది. లిఫ్టు రెండు పలకల నడుమ, పట్టాల మీద దొర్లే జాకీ దాన్ని ఇంకాస్త పైకెత్తి పట్టుకుంది. లిఫ్టుది ఒక కంపెనీ, జాకీది మరో కంపెనీ. బ్రేకులు మార్చాల్సింది కోడలు. మా ఇంట్లో ఆ పని వచ్చింది తనొక్కదానికే.

“జాకీ వెడల్పు చాల్లేదండీ. దాని చక్రాలు పట్టా అంచునే ఆగాయి,” అంది.

“ఆగాయి కదా! చీకటి పడేలోపు నాకు కారు కావాలి.”

“ఒరేయ్, వెనకటికొకడు పక్కింటాయన చెప్పులేసుకుని పెళ్లికి బయల్దేరితే, అవి వాణ్ణి తిన్నగా పక్కింటికే తీసుకుపోయాయట,” అన్నాను.

“నాన్నా, నీ కోతలు తర్వాత!”

“సరే. పిల్ల బెదురుతోంది. ముందు నువ్వు దూరి ధైర్యం చెప్పు.”

“ఓస్, అంతేగా!” అంటూ వంగాడు. తల కారు కిందికి పోయింది. భుజాలు ఇంకా పోలేదు. పైన ఏదో కిర్రుమంది.

పట్టా అంచున గోరంత మేర నిలిచిన చక్రాన్ని అలాగే వంగి చూశాడు. తర్వాత తల తిప్పి పెళ్లాం వంక చూశాడు.

మెల్లగా వెనక్కి వచ్చాడు. నా నోట్లో ఇంకో కోత సిద్ధంగా ఉంది గానీ, వాడి మొహం చూసి మింగేశాను.

“నువ్వు దూరంగా జరుగు,” అన్నాడు కోడలితో. “దించేస్తున్నా. నేను బస్సులో పోతాలే.”