మధ్యాహ్నం బడి

"మధ్యాహ్నం బడికి మారవే అంటే కదలదు మేడం! మీరే చూసుకోండి ఈ మొండిఘటాన్ని," అని విసుక్కుంటూ టీచరు వెళ్లిపోయింది.

ఫిలిప్పీన్స్‌లోని ఆ సెబూ నగరపు బడిలో పిల్లల కష్టసుఖాలు చూడడం ఫిలోమెనా ఉద్యోగం. ఆమె పన్నెండేళ్ల మారివిక్ పక్కన కూర్చుంది.

"పొద్దున్నే లేచే బాధ తప్పుతుంది కదే! హాయిగా పడుకోవచ్చు."

"చెల్లిది పొద్దుటి బడే మేడం. నేను మారితే మధ్యాహ్నం అదొక్కతే ఇంటికెళ్లాలి."

"రెండు వీధులేగా! దారిలో దయ్యాలున్నాయటే?"

"దారిలో కాదు మేడం. ఇంట్లో."

ఫిలోమెనా ముఖంలో నవ్వు మాయమైంది. "ఇంట్లో ఎవరుంటారమ్మా?"

"అమ్మ చేసుకున్న రెండో ఆయన. అమ్మ చేపల బజారు నుంచి చీకటి పడ్డాకే వస్తుంది. అందుకే చెల్లిని నేను వదలను."

"మరి చెల్లి పసిపిల్లగా ఉన్నప్పుడు నీకు తోడెవరు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది మారివిక్. "నాకెవరున్నారు మేడం?"

ఫిలోమెనా ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఇవాళ మీరిద్దరూ ఆ ఇంటికి వెళ్లడం లేదు తల్లీ."

మారివిక్ మొదటిసారి భయపడింది.

"ఎందుకు వెళ్లడం లేదో చెల్లికి చెప్పకండి మేడం. దానికింకా ఏమీ తెలీదు."