బొగ్గు గీత

“ఐదింటికీ గీత కనబడతన్నాదా?” లక్ష్మణమ్మ మరోసారి అడిగింది.

“కనబడతన్నాదప్పా. ఇంక ఇలా తే,” అంటూ అనూరాధ గుడ్లు అందుకుంది.

లక్ష్మణమ్మ ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో నిలువు గీత గీసి తెచ్చింది. తట్టలో గడ్డి మీద అప్పటికే అనూరాధ గుడ్లు ఐదున్నాయి. వాటికి గీతల్లేవు. పదింటినీ కలిపి, పొదుగుకు వచ్చిన నల్లపెట్టను వాటి మీద కూర్చోబెట్టింది అనూరాధ. రెండిళ్ల కోళ్లూ ఒకే తల్లి సంతతి. గీత లేకపోతే ఏ గుడ్డు ఎవరిదో పెట్టిన కోడే చెప్పాలి.

ఇద్దరూ తోటికోడళ్లు; పెద్దదైన లక్ష్మణమ్మను అనూరాధ అప్పా అని పిలుస్తుంది. శ్రీకూర్మానికి దగ్గర్లో సముద్రపు ఒడ్డున ఊరు. ఒకటే దొడ్డి, మధ్యలో తాటాకు దడి. నాలుగేళ్ల కిందట అత్త సుభద్రమ్మ ఇద్దరికీ చెరో రెండు పెట్టలు, ఒక పుంజు ఇచ్చింది. మొదలు సమానం. ఇవాళ అనూరాధ దొడ్లో ఇరవై మూడు కోళ్లు తిరుగుతున్నాయి. లక్ష్మణమ్మకు మిగిలింది ఒక్క పెట్ట.

తిత్లీ తుఫాను వచ్చినప్పుడు అనూరాధ కోళ్లను వంటింట్లోకి తెచ్చుకుంది. లక్ష్మణమ్మ ఎండుచేపల బుట్టలు తెచ్చుకుంది. కోళ్ల కంటే చేపలే విలువైన సరుకని లెక్కవేసింది. చేపలు దక్కాయి. కోళ్లు గూటితో సహా కొట్టుకుపోయి ఒక పెట్ట, ఒక పుంజు మిగిలాయి. తినడమే తప్ప గుడ్డు పెట్టదని ఆ పుంజును కూడా రెండు నెలల కిందట రాజాం సంతలో వదిలించుకుంది. తన పెట్ట అవతలికి పోయి తోటికోడలి గూట్లో గుడ్డు పెట్టి వస్తుందేమోనని దడి ఎత్తు పెంచి, సందుల్లో ముళ్లకంప కుక్కింది. పెట్ట గుడ్లయితే పెట్టింది గానీ పొదుగుకు రాలేదు. అందుకే తనే దడి చుట్టూ తిరిగి రావలసి వచ్చింది.

ఒకరి గుడ్లు ఇంకొకరి కోడి కింద పొదిగిస్తే, దిగిన పిల్లల్లో సగం కోడిగలవాళ్లవి. ఊళ్లో పద్ధతి అదే. అనూరాధ మాత్రం వద్దంది.

“నీ పిల్లలు నీయే. నాకు సగమెందుకప్పా?”

ఆ మాట లక్ష్మణమ్మకు రుచించలేదు. ఇరవై ఏళ్లుగా ఎండుచేపలు అమ్ముతున్న మనిషి. ఊరికే ఇస్తానన్న వాళ్ల తక్కెడను రెండుసార్లు చూసే అలవాటు ఆమెది.

సాయంత్రమైతే సుభద్రమ్మ అనూరాధ గడప దగ్గర కూర్చుని కోడిపిల్లలకు నూకలు చల్లుతుంది. “దీని సెయ్యి మంచిది,” అంటుంది, దడి ఇవతలకు వినబడేలా. అది విన్న పూట లక్ష్మణమ్మకు అన్నం సయించదు. ఐదు పిల్లలు దిగితే చాలు. ఆ ముసలిది రేపు తన గడపలో కూడా కూర్చుంటుంది.

ఏడో రోజు ఎలా ఉందో చూసిపోదామని వెళ్లింది. అనూరాధ తలుపు ఓరగా వేసుకుని, చీకటి మూలలో ఒక గుడ్డును సెల్‌ఫోన్ లైటుకు ఆనించి చూస్తోంది. లక్ష్మణమ్మ అలికిడికి ఉలిక్కిపడి గుడ్డును తట్టలో పెట్టేసింది. ఆమె వేళ్లకు మసి ఉంది. గిన్నెలు తోముతూ లేచి వచ్చింది కాబోలు.

“ఏటే, ఏటి సూస్తన్నావు?”

“లోపల ఎర్ర నరాలు కట్టినాయో లేదో సూస్తన్నానప్పా. గీతలున్నయి ఐదూ బాగున్నాయి.”

“మరి నీయి?”

అనూరాధ కోడి వైపు తిరిగింది. “నాయి ఎలగుంటే ఏటిలే.”

లక్ష్మణమ్మ ఆ రెండు మాటలనూ ఇంటికి మోసుకెళ్లింది. సంతలో నీ బుట్ట బాగుందన్నవాడు పక్క బుట్టలో కొంటాడు. తన సరుకు సంగతి అడిగితే మొహం తిప్పుకున్నవాడు మేలైనది దాచుకుంటున్నాడు. అంటే ఉన్నదంతా గీత లేని ఐదింట్లోనే ఉంది. ఇరవై మూడు చాలక ఇంకో ఐదు. ఆ పైన ఇంకో ఐదు. ఆ చెయ్యి మంచిదట.

పద్దెనిమిదో రోజు అనూరాధ అత్తను ఆటోలో ఎక్కించుకుని కూర్మనాథస్వామి గుడికి వెళ్లింది. నల్లపెట్ట మేతకు లేచే వేళ చూసుకుని లక్ష్మణమ్మ వచ్చింది. గీతలున్న ఐదింటినీ తడిగుడ్డతో తుడిచి ఒక పక్కన పెట్టింది. మిగిలిన ఐదింటి మీద బొగ్గుతో, అచ్చం మునుపటి లాగే, నిలువు గీతలు గీసింది. అన్నిటినీ కలిపేసింది. తట్టలో పది గుడ్లూ పదిగానే ఉన్నాయి. దొంగతనమని ఎవరూ అనడానికి లేదు.

ఇరవై ఒకటో రోజు పొద్దున్నే పెంకులు పగిలాయి. సుభద్రమ్మ పీట వేసుకుని కూర్చుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదూ గీత లేని గుడ్లలోంచే వచ్చాయి.

ఇంకో రెండు రోజులు ఆగారు. గీతలున్నవి కదల్లేదు. అనూరాధ ఒకటి పగలగొట్టింది. లోపల పిల్ల జాడే లేదు, పలచని పచ్చనీళ్లు. రెండోదీ అంతే. ఐదూ అంతే.

“సెయ్యి మంచిదవ్వాల. అందరికీ వస్తాదేటి?” అంది సుభద్రమ్మ, పిల్లలకు నూకలు చల్లుతూ.

లక్ష్మణమ్మ అనూరాధ మీదికి తిరిగింది. “నీ కోడి నీ గుడ్లే పొదిగినాది. నా ఐదూ బాగున్నాయని మొకం మీదే అబద్ధం సెప్పినావు కదే.”

అనూరాధ పగిలిన పెంకులను ఏరి, వాటి మీది గీతలను తిప్పి తిప్పి చూసింది. ఆమెకేమీ అర్థం కాలేదు. అత్తకు వినబడకుండా, తోటికోడలి చెవి దగ్గరకు వంగింది.

“నీయి పుంజు లేని వట్టి గుడ్లని తెలిసి, ఏడోనాడే నీ గీతలు తుడిసి నా గుడ్ల మీద పెట్టీసినాను కదప్పా.”